బయటికొచ్చే రోజు రాసుందా?

పోస్టు పెద్దదే. ఓపిక లేనివాళ్ళు చివర్లో ఉన్న నాలుగు మాటలైనా చదవండి, ముఖ్యంగా ఆటలాడే పిల్లలు ఇంట్లో ఉన్నవాళ్ళు. నా వైపు మనుషుల పేర్లు గానీ, అకాడమీ పేరు గానీ రాయడం లేదు. ఎవరినో రచ్చకీడ్చడానికి రాస్తున్నది కాదు ఇది. మన పిల్లలు కాగితం చదవకుండా సంతకం పెట్టకూడదని రాస్తున్నా.

మాది బంటుమిల్లి మండలం. యానాదులం. మా తాత ఈ చుట్టుపక్కల వరి పొలాల్లో ఎలకల బుట్టలు పెట్టేవాడు. పైరు పొట్ట మీదున్నప్పుడు రైతులు ఇంటికొచ్చి పిలుచుకెళ్ళేవాళ్ళు, ఎలక్కి ఇంతని ఇచ్చేవాళ్ళు. తాత బుట్టలు పెట్టిన పొలాల్లో చాలావరకు ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. బుట్టలతో పనిపోయింది. నాన్న చెరువు కాపలాకి కుదిరాడు. గట్టు మీద మకాం, అందులో అమ్మా నాన్నా, ఒక కుక్క. పొద్దున్నే మేత వెయ్యాలి, రాత్రంతా ఏరియేటర్లు చూసుకోవాలి, కరెంటు పోతే పరుగెత్తి జనరేటర్ వెయ్యాలి. నేను మచిలీపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా. తమ్ముడు కబడ్డీ ఆడతాడు.

ఆడతాడంటే మామూలుగా కాదు. చెరువు గట్ల మీద పెరిగిన కాళ్ళు వాడివి. బురదలో ఎలా నిలబడాలో, జారకుండా ఎలా తిరగాలో ఎవరూ నేర్పలేదు. సంక్రాంతికి పెందుర్రు, పెదతుమ్మిడి వైపు పోటీలు పెడితే వాడు కూతకెళ్ళాడంటే గట్టు మీద జనం లేచి నిలబడతారు. పదహారేళ్ళకే గుడివాడ, కైకలూరు జట్లవాళ్ళు ఆ మూడు రోజులకీ వాణ్ణి అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. వెయ్యో, రెండు వేలో ఇచ్చి, బిర్యానీ పెట్టి, బండి మీద ఇంటి దగ్గర దింపేవాళ్ళు. అమ్మ ఆ డబ్బు తీసుకుని "మావాడు ఉద్యోగం చేస్తున్నాడు" అని నవ్వేది.

2023 డిసెంబరు 19 నాకు బాగా గుర్తు. ఐపీఎల్ వేలం దుబాయ్‌లో జరిగింది, ఇండియా బయట వేలం పెట్టడం అదే మొదటిసారి. హాస్టల్లో అందరం ఒకే ఫోన్ చుట్టూ మూగాం. స్టార్క్‌ని కోల్‌కతా 24 కోట్ల 75 లక్షలకి, కమిన్స్‌ని మన హైదరాబాద్ 20 కోట్ల 50 లక్షలకి తీసుకున్నాయి. ఆ రోజు మాకు పండగ వాళ్ళ వల్ల కాదు. జార్ఖండ్ గుమ్లా జిల్లా మూలాలున్న రాబిన్ మింజ్ అనే ఆదివాసీ కుర్రాడి పేరొచ్చింది. ఎడమచేతి బ్యాటరు, వికెట్ కీపరు. వాళ్ళ నాన్న సైన్యంలో చేసి రిటైరై రాంచీ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ గార్డుగా ఉన్నాడు. 20 లక్షల దగ్గర మొదలైన పాట గుజరాత్ టైటాన్స్ దగ్గర 3 కోట్ల 60 లక్షలకి ఆగింది. ఐపీఎల్ ఒప్పందం దక్కిన మొదటి ఆదివాసీ ఆటగాడని పత్రికలన్నీ రాశాయి. మా గదిలో పిల్లలు మంచాల మీదెక్కి గెంతారు.

నేను ఆ ఉత్సాహంలోనే నాన్నకి ఫోన్ చేశా. "నాన్నా, మనలాంటి పిల్లోణ్ణి 3 కోట్ల 60 లక్షలకి కొన్నారు!"

నాన్న కాసేపు మాట్లాడలేదు. ఏరియేటర్ల చప్పుడు వినిపిస్తోంది. తర్వాత అడిగాడు: "కొన్నారంటే, ఆ పిల్లోడు మళ్ళీ ఇంటికి ఎప్పుడొస్తాడ్రా?"

నాకు నవ్వొచ్చింది. "అలా కాదు నాన్నా, అది ఆటలో కొనడం" అన్నా. ఫోన్ పెట్టేశాక నవ్వు పోయింది. ఎందుకంటే 'వేలం' అన్నా 'కొనడం' అన్నా నాన్నకి తెలిసిన అర్థం వేరు. మా వైపు వేలమంటే చెరువు పాట. ఎవరెక్కువ పాడితే చెరువు వాళ్ళది. చెరువు మారితే గట్టు మీద మనిషి కూడా కొత్త పాటదారుడి కిందకి వెళ్ళిపోతాడు. ఆ మనిషి మా నాన్న.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అక్క పెళ్ళికి నాన్న ఒక ఆసామి దగ్గర 30 వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. జీతంలో నెలనెలా కోసుకుంటానన్నాడాయన. రెండేళ్ళు కోశాక, మధ్యలో బియ్యానికీ మందులకీ తీసుకున్నవి కలిపి, 42 వేలు ఉందన్నారు. ఎలా పెరిగిందో మాకు తెలియదు. రాసింది ఆయన పుస్తకంలో, చదివింది ఆయనే. ఓ సాయంత్రం కాలవకి అవతల చెరువుల రైతు వచ్చి ఆ 42 వేలు ఈయనకిచ్చాడు. "రేపు పొద్దున్నే సామాన్లు సర్దుకోండి, అవతల గట్టుకి" అని మాకు చెప్పారు. నాన్నని ఎవరూ అడగలేదు. మేం గిన్నెలు, కుక్కని, కోళ్ళని తీసుకుని కాలవ దాటాం. ఆటల భాషలో దీన్ని ట్రేడ్ అంటారని నాకు తర్వాత తెలిసింది.

ఇక అసలు విషయం. 2025 ఫిబ్రవరిలో తమ్ముడు ఫోన్ చేశాడు. సంక్రాంతి ఆటలో వాణ్ణి చూసి ఒక ప్రైవేటు అకాడమీ వాళ్ళు సెలెక్షన్‌కి పిలిచారు. మ్యాట్ మీద మూడు రోజులు ఆడించారు. నచ్చాడు. "అన్నయ్యా, కాగితాలిచ్చారు. ఎల్లుండిలోగా సంతకం పెట్టమంటున్నారు. తిండి, హాస్టల్, బూట్లు అన్నీ వాళ్ళవే. ఇంటికి 50 వేలు ముందే ఇస్తారంట. ప్రో కబడ్డీ వేలంలోకి పంపుతారంట" అన్నాడు. గొంతులో ఆనందం ఆగట్లేదు.

ఆ ఆనందం తప్పని నేను ఇప్పటికీ అనను. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు మొదటి వేలంలో అందరికంటే ఎక్కువ పలికింది రాకేష్ కుమార్, 12 లక్షల 80 వేలు, పాట్నా జట్టు. అప్పట్లో అదే పెద్ద వింత. 2018కి మోనూ గోయత్ 1 కోటి 51 లక్షలకి వెళ్ళాడు. 2023లో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి తీసుకుంది. వేలంలో ఆటగాళ్ళని ఏ, బీ, సీ, డీ అని నాలుగు వర్గాలు చేస్తారు. మొదటి ధరలు 30 లక్షలు, 20 లక్షలు, 13 లక్షలు, 9 లక్షలు. నాన్నకి చెప్పాలంటే రొయ్యల కౌంటు లాంటిదే, ముప్పై కౌంటుకో రేటు, వంద కౌంటుకో రేటు. అట్టడుగున ఉన్న డీ వర్గం 9 లక్షలంటే మా ఇంట్లో ఎన్నేళ్ళ జీతమో లెక్కేసుకోండి. ఇది కాక వేలంతో పని లేకుండా కొత్త కుర్రాళ్ళని జట్లు నేరుగా తీసుకునే దారి ఉంది, 'న్యూ యంగ్ ప్లేయర్' అంటారు. తమ్ముడి కల అది.

కాగితాలు ఫోన్లో ఫొటోలు తీసి పంపమన్నా. ఏడు పేజీలు, అంతా ఇంగ్లీషు. నేను రెండు రాత్రులు కూర్చుని చదివా. కొన్ని మాటలు అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. మచిలీపట్నంలో జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. భయపడుతూనే వెళ్ళా. అక్కడ ఒక లాయరక్క ఆ ఫొటోలు చూసి కళ్ళజోడు పైకి తోసుకుని, ఒక్కో పేజీ తెలుగులో చెప్పింది.

ఒకటి, ఒప్పందం అయిదేళ్ళు. ఆ తర్వాత అకాడమీకి ఇష్టమైతే ఇంకో మూడేళ్ళు పొడిగించుకోవచ్చు. ఇష్టం వాళ్ళది మాత్రమే, వీడికి ఇష్టం ఉందో లేదో అన్న మాట ఎక్కడా లేదు. రెండు, ఏ లీగులో ఆడినా, ఏ బహుమతి వచ్చినా 40 శాతం వాళ్ళకి, ఒప్పందం అయిపోయిన రెండేళ్ళ దాకా. మూడు, మధ్యలో వెళ్ళిపోతే శిక్షణ ఖర్చంతా కట్టాలి, ఎంతన్నది అకాడమీ లెక్కగట్టిన ప్రకారం, మీద ఏడాదికి 24 శాతం వడ్డీ. అంటే మన భాషలో రెండు రూపాయల వడ్డీ. నాలుగు, దెబ్బ తగిలి ఆడలేకపోతే వాళ్ళు ఒప్పందం తెంచుకోవచ్చు, వైద్యం ఖర్చు ఆటగాడిదే. అయిదు, ఇంటికిచ్చే 50 వేలు కానుక కాదు, అడ్వాన్సు.

ఆ చివరి మాట దగ్గర నా ఒళ్ళు జలదరించింది. 

అక్క ఇంకో మాట అడిగింది. "మీవాడికి వయసెంత?" పద్దెనిమిది నిండి మూడు నెలలు అన్నా. "అందుకే ఇప్పుడిచ్చారేమో" అంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాడు చేసిన ఒప్పందం చెల్లదు. ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుపెట్టే షరతు కూడా చెల్లదని అదే చట్టంలో 27వ సెక్షన్ చెబుతుంది. "అయితే ఇది చెల్లదు కదా అక్కా, సంతకం పెట్టినా పర్లేదా?" అని అడిగా. ఆవిడ కాగితాలు పక్కన పెట్టి అంది: "కోర్టుకెళ్తే ఇందులో సగం నిలబడకపోవచ్చు. కానీ మీరు కోర్టు చుట్టూ తిరగలేరని రాసినవాడికి తెలుసు."

ఆ రాత్రి హాస్టల్లో నిద్రపట్టలేదు. అంతకుముందు 'మిలియన్ డాలర్ ఆర్మ్' అనే సినిమా చూశాం తమ్ముడూ నేనూ. బేస్‌బాల్ గురించి. నిజంగా జరిగిందే. 2008లో ఇండియాలో పోటీ పెట్టి వేగంగా బంతి విసిరేవాళ్ళ కోసం వెతికారు. ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి, ఈటె విసిరే కుర్రాళ్ళు, రింకూ సింగ్, దినేష్ పటేల్ దొరికారు. అప్పటిదాకా ఆ ఆటే తెలియనివాళ్ళు. అదే ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ సంతకం పెట్టించుకుంది. సినిమా అక్కడ చప్పట్లతో అయిపోతుంది. ఆ తర్వాత ఏమైందో నేను వెతికి చదివా. దినేష్‌ని 2010లో వదిలేశారు. రింకూ కింది లీగుల్లో కొన్నేళ్ళు ఆడి, దెబ్బలతో ఆగిపోయి, తర్వాత కుస్తీల షోలోకి వెళ్ళాడు. పై లీగులో ఒక్క మ్యాచ్ ఇద్దరికీ దక్కలేదు. తప్పు పట్టడానికి చెప్పట్లేదు. సంతకం అంటే గెలుపు కాదు, వరసలో నిలబడ్డం మాత్రమే అని చెబుతున్నా. బేస్‌బాల్‌లో ఆ వరస చాలా పొడుగు. పెద్ద జట్టులో ఉండేది 26 మంది. వాళ్ళతో కలిపి 40 మంది ఒక జాబితా. దాని కింద మెట్లు మెట్లుగా చిన్న జట్లు, వందల మంది కుర్రాళ్ళు. ఇవాళ పైకి పిలుస్తారు, రేపు కిందకి పంపుతారు.

అలా వెతుకుతుంటే ఇంకో పేరు దొరికింది, కర్ట్ ఫ్లడ్. నల్లజాతి ఆటగాడు. సెయింట్ లూయిస్ జట్టులో పన్నెండేళ్ళు ఆడాడు. 1969లో ఆ జట్టు ఆయన్ని అడక్కుండా ఫిలడెల్ఫియాకి ఇచ్చేసింది, కబురు ఫోన్లో చెప్పారు. అప్పటి బేస్‌బాల్ ఒప్పందాల్లో ఒక షరతు ఉండేది. ఒప్పందం ఏడాదికే, కానీ ఏడాది అయ్యాక జట్టు తనంతట తాను ఇంకో ఏడాదికి పొడిగించుకోవచ్చు. పొడిగించిన దాన్ని మళ్ళీ పొడిగించుకోవచ్చు. అంటే జట్టు వదిలితే తప్ప ఆటగాడు వదిలించుకోలేడు. 'రిజర్వ్ క్లాజ్' అంటారు. ఫ్లడ్‌కి జీతం తక్కువేం కాదు, ఏడాదికి 90 వేల డాలర్లు. అయినా నేను కొనుక్కుని అమ్ముకునే వస్తువుని కాదని 1969 డిసెంబరు 24న బేస్‌బాల్ పెద్దకి ఉత్తరం రాశాడు. కోర్టుకెళ్ళాడు. 1972లో అమెరికా సుప్రీంకోర్టులో అయిదుగురు ఆయనకి వ్యతిరేకంగా, ముగ్గురు అనుకూలంగా తీర్పిచ్చారు. ఓడిపోయాడు. ఆట కూడా పోయింది. కానీ 1975లో ఇంకో ఇద్దరు ఆటగాళ్ళ కేసులో మధ్యవర్తి ఆ షరతుకి ఒక్క ఏడాదే అర్థమని తేల్చాడు. ఆ తర్వాతే అక్కడి ఆటగాళ్ళు గడువు తీరాక తమకి నచ్చిన జట్టుతో మాట్లాడుకోగలిగారు. ఫ్లడ్ వేసిన మొక్క కాయలు వేరేవాళ్ళు తిన్నారు.

తమ్ముడి కాగితంలో మొదటి షరతు మళ్ళీ చదివా. అయిదేళ్ళు, తర్వాత మూడేళ్ళు, ఇష్టం వాళ్ళది. యాభై ఏళ్ళ కిందట అమెరికాలో కొట్టేసిన షరతు చిన్న రూపంలో కృష్ణా జిల్లాకొచ్చింది.

ఇంకొకాయన జిమ్ థోర్ప్. మనలాగే ఆదివాసీ, అమెరికాలో సాక్ అండ్ ఫాక్స్ తెగ. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలో బంగారం గెలిచాడు. మరుసటి ఏడాది ఆ రెండు పతకాలూ వెనక్కి తీసుకున్నారు. కారణం, 1909, 1910 వేసవుల్లో ఎక్కడో చిన్న ఊరి బేస్‌బాల్ లీగులో కొద్దిపాటి డబ్బుకి ఆడాడు. అప్పట్లో డబ్బుకి ఆడినవాడు ఒలింపిక్స్‌కి పనికిరాడు. కాలేజీ కుర్రాళ్ళు చాలామంది అలా ఆడేవాళ్ళే, కాకపోతే దొంగ పేర్లతో. ఈయన సొంత పేరుతో ఆడాడు. అది తప్పని చెప్పే మనిషి పక్కన లేడు. 1953లో చనిపోయాడు. పతకాల గౌరవం 1982లో సగం తిరిగొచ్చింది, పూర్తి విజేతగా ఒప్పుకుంది 2022 జూలైలో. నూట పదేళ్ళు. నిబంధన తెలిసినవాడు దొంగ పేరు పెట్టుకుని బయటపడ్డాడు, తెలియనివాడు నిజం పేరుతో దొరికిపోయాడు. మన పిల్లలు ఎప్పుడూ రెండో రకమే.

శనివారం ఇంటికెళ్ళా. రాత్రి మకాంలో బల్బు కింద కూర్చుని ఏడు పేజీలూ తెలుగులో చదివి చెప్పా. అమ్మ చేపల పులుసు పొయ్యి మీద పెట్టి వింటోంది. తమ్ముడు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. మధ్యలో రెండుసార్లు "నాకు ఉన్నది ఇదొక్కటే దారి అన్నయ్యా, నీకంటే చదువొచ్చు" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా.

నాన్న అంతా విన్నాడు. 40 శాతం గురించి అడగలేదు. వడ్డీ గురించి అడగలేదు. ఒకటే అడిగాడు: "పెద్దోడా, ఇందులో బయటికొచ్చే రోజు రాసుందా?"

"వాళ్ళు వదిలేసే రోజు రాసుంది నాన్నా. వీడు వచ్చేసే రోజు లేదు."

"అయితే నాది కూడా అదే కాగితం" అన్నాడు. "నాది రాయలేదు, అంతే తేడా."

సోమవారం ముగ్గురం అకాడమీకి వెళ్ళాం. మర్యాదగానే కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. నేను మూడు మార్పులు అడిగా. గడువు రెండేళ్ళు చెయ్యండి, పొడిగించాలంటే ఇద్దరి సంతకం ఉండాలి. 50 వేలు మాకొద్దు, ఆ షరతు తీసెయ్యండి. దెబ్బ తగిలితే వైద్యం మీది. ఆయన రెండోదానికి వెంటనే ఒప్పుకున్నాడు. మొదటిదానికి "చూద్దాం, ముందు సంతకం కానివ్వండి" అన్నాడు. మూడోదానికి నవ్వాడు. "పిల్లోణ్ణి పైకి తీసుకురావాలని మేం ఇంత చేస్తుంటే మీరు పేజీలు లెక్కపెడుతున్నారు" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే తమ్ముడు అడిగాడు. చేతిలో పెన్ను ఉంది అప్పటికే. "సార్, నా మోకాలు పోతే?"

"శుభమా అని సంతకం పెడుతూ ఆ మాటలెందుకురా" అన్నాడాయన.

తమ్ముడు పెన్ను బల్ల మీద పెట్టేశాడు. పారేయలేదు, మెల్లగా పెట్టాడు. బస్టాండు దాకా మాట్లాడలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. నాన్న వాడి వీపు మీద చెయ్యేసి కూర్చున్నాడు పెడన దాటేదాకా.

వాడి ప్రశ్న పిరికి ప్రశ్న కాదని చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు చాలా ఉదాహరణలున్నాయి. రాబిన్ మింజ్ 3 కోట్ల 60 లక్షలు పలికిన మూడు నెలలకి, 2024 మార్చిలో, రాంచీలో బైకు ప్రమాదమై ఆ సీజన్ మొత్తం ఆడలేదు. అదే ఏడాది నవంబరు వేలంలో ముంబై అతన్ని 65 లక్షలకి తీసుకుంది. 2025లో మైదానంలో దిగాడు, సంతోషం. కానీ ధర చూడండి. పవన్ సెహ్రావత్ 2022లో తమిళ్ తలైవాస్‌కి 2 కోట్ల 26 లక్షల 50 వేలకి వెళ్ళి, మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజనంతా కూర్చున్నాడు. మరుసటి ఏడాది టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. 2024లో అదే టైటాన్స్ 1 కోటి 72 లక్షల 50 వేలకి నిలుపుకుంది. 2025లో మళ్ళీ తలైవాస్, 59 లక్షల 50 వేలు. మనిషి అదే, కూత అదే. ధర మాత్రం చెరువులో నీళ్ళలా ఎక్కుతుంది, దిగుతుంది. అయితే పవన్‌కి ప్రతిసారీ ఒక గడువుంది, గడువు తీరాక మళ్ళీ వేలంలోకొచ్చే దారుంది. పాత జట్టు నిలుపుకోవాలంటే బయటివాళ్ళు పాడిన ఆఖరి ధర ఇవ్వాలి. ఈ నియమాలన్నీ ముందే అందరికీ తెలుసు. నాన్నకి ఆ రోజు ఫోన్లో చెప్పలేకపోయిన జవాబు ఇదే. వాళ్ళు కొనేది మనిషిని కాదు, ఇన్ని రోజుల ఆటని. ఆ 'ఇన్ని రోజులు' అన్న మాట కాగితం మీద లేకపోతే, అప్పుడు కొన్నది మనిషినే.

ఇంత రాశాను కాబట్టి నేనే గెలిచాననుకోకండి. తమ్ముడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. వాడితో పాటు సెలెక్టయిన మా పక్క ఊరి కుర్రాడు అదే కాగితం మీద సంతకం పెట్టాడు. మ్యాట్ మీద, కొత్త బూట్లతో వాడి వీడియోలు వస్తుంటాయి. తమ్ముడు చూస్తాడు, ఫోన్ పక్కన పెడతాడు. 2025 ఆగస్టులో ప్రో కబడ్డీ వైజాగ్‌లో మొదలైనప్పుడు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాడు, కాలేజీ జట్టులో ఆడుతున్నాడు. జూనియర్స్‌కి ఇరవై లోపే ఉండాలి, ఆ గడువు దగ్గర పడుతోంది. రేపు ఆ పక్క ఊరి కుర్రాడు టీవీలో కనిపిస్తే నేను తమ్ముడి మొహం ఎలా చూడాలో నాకు తెలియదు. కనిపించాలనే కోరుకుంటున్నా, ఆ కుర్రాడూ మనవాడే.

అయితే ఇంకొకటి జరిగింది. బస్సులో వచ్చిన రెండు వారాలకి నాన్న తన ఆసామి దగ్గరికి వెళ్ళి, "అయ్యా, నా లెక్క ఒక్కసారి కాగితం మీద రాసివ్వండి" అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని మాట. ఆయన రెండు రోజులు మొహం చాటేశాడు. మూడో రోజు పుస్తకం తీశాడు, నేనూ పక్కన కూర్చున్నా. అడ్వాన్సు, బియ్యం, మందులు ఒక వైపు, నెలనెలా కోసింది ఇంకో వైపు. రెండుసార్లు కూడినవి కొట్టేయించాం. తేలింది 11,400. అప్పు చూపించి మనిషిని పనిలో కట్టిపడెయ్యకూడదని 1976లోనే చట్టం వచ్చిందని నేను మెల్లగా అన్నా. గొడవ పెట్టుకోలేదు, ఆయనా పెట్టుకోలేదు. వచ్చే పట్టుబడికి బాకీ చెల్లు అని తెల్లకాగితం మీద తేదీ వేసి సంతకం పెట్టాడు. పట్టుబడి అయింది, బాకీ తీరింది. నాన్న ఇప్పుడూ అదే గట్టు మీదున్నాడు, కానీ నెల జీతానికి. రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో ఆ కాగితం పెట్టుకున్నాడు. చదవడం రాదు గానీ, తేదీ ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాడు.

ఇక నేను చెప్తానన్న నాలుగు మాటలు.

ఒకటి, అకాడమీ అయినా, లీగైనా, ఏజెంటైనా, కాగితం ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం. "ఇవాళే పెట్టాలి" అంటే అదే మొదటి అనుమానం.

రెండు, మూడు చోట్ల వేలు పెట్టి అడగండి. ఎప్పుడు అయిపోతుంది? పొడిగించాలంటే ఎవరి ఇష్టం? దెబ్బ తగిలితే ఎవరి ఖర్చు?

మూడు, ఇంటికిచ్చే డబ్బు కానుకో, జీతమో, అడ్వాన్సో ఆ మాట రాయించండి. అడ్వాన్సైతే వద్దనండి. మన ఇళ్ళల్లో ఆ మాట ఎంత దూరం తీసుకెళ్తుందో మనకి తెలుసు.

నాలుగు, చదవడం రాకపోతే సిగ్గుపడకండి. ప్రతి జిల్లా కోర్టు దగ్గరా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. మనకి ఉచితం. నాకూ మొదట భయమేసింది, లోపలికి వెళ్తే కుర్చీ వేశారు.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వైపు మన పిల్లలెవరికైనా ఇలాంటి కాగితం వస్తే కామెంట్లో పెట్టొద్దు, నాకు విడిగా చెప్పండి. కలిసి వెళ్దాం. బస్సు చార్జీ నాది. తమ్ముడు కూడా వస్తానన్నాడు. ఈ పోస్టు వాడికి ముందే చదివి వినిపించా. "మోకాలు మాట తీసెయ్యకు, అది నేనడిగాను" అన్నాడు. తీసెయ్యలేదు.